డబ్బు కడితే అవార్డు ఇస్తామంటున్నారు – మా పచ్చళ్ల బ్రాండ్ ప్రచారానికి పనికొస్తుందా?

జాడీ (తెనాలి)

అందరికీ నమస్కారమండి. మాది పచ్చళ్ల యూనిట్. నేనూ మా తోడికోడలూ ఇంటి పెరట్లో మొదలుపెట్టాం. ఇప్పుడు ఊరి బయట షెడ్డు ఉంది, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్నాయి. మామిడికాయ సీజన్‌లో ఇరవై మంది దాకా ఆడవాళ్లు పనికి వస్తారు. ఆవకాయ, గోంగూర, పండుమిరప మా ముఖ్యమైన సరుకు.

మొన్న ముంబై నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. "మీ బ్రాండు ఉత్తమ సంప్రదాయ ఆహార బ్రాండ్ కేటగిరీలో ఫైనల్‌కి వచ్చింది, కంగ్రాట్స్ మేడమ్" అంది. మేం ఎక్కడా దరఖాస్తు పెట్టుకోలేదు. మరి ఎవరు నామినేట్ చేశారని అడిగితే "మా రీసెర్చ్ టీమ్" అంది. ఆ తర్వాత మెయిల్‌లో ప్యాకేజీ వచ్చింది. లక్ష రూపాయలు, పైన జీఎస్టీ 18 శాతం. హైదరాబాద్ స్టార్ హోటల్లో ఫంక్షన్, ఒక సినిమా హీరోయిన్ చేతుల మీదుగా మెమెంటో, ఫొటోలు, రెండు డిన్నర్ పాసులు, వాళ్ల మ్యాగజైన్‌లో ఒక పేజీ, ఏడాది పాటు లోగో వాడుకునే హక్కు. శనివారం లోపు చెప్పెయ్యాలట.

మా ఆయన వద్దంటున్నారు. మా తోడికోడలేమో "ఆ డబ్బుతో ఊరంతా ఫ్లెక్సీలు కట్టినా ఇంత పేరు రాదు కదా అక్కా" అంటోంది. దాని మాటలోనూ అర్థం ఉందనిపిస్తోంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ఇలాంటి అవార్డుల వల్ల నిజంగా అమ్మకాలు పెరుగుతాయా?

మోడరేటర్

మేడమ్, చర్చ మంచిది. ఒక్క మనవి: ఫోన్ చేసిన సంస్థ పేరు ఇక్కడ ఎవరూ రాయొద్దు. పద్ధతి గురించి మాట్లాడుకుందాం.

సైట్_బిల్డర్ (హనుమకొండ)

మేడమ్, నేనైతే తీసుకోమనే చెప్తాను. మాది చిన్న కన్‌స్ట్రక్షన్ కంపెనీ. మొదటి వెంచర్ వేసినప్పుడు ఆఫీసుకి వచ్చినవాళ్లంతా "మీరు ఇంతకుముందు ఏం కట్టారు?" అని అడిగేవాళ్లు. చూపించడానికి మా దగ్గర ఏమీ లేదు. అప్పుడు ఇలాంటిదే ఒకటి తీసుకున్నాం. రిసెప్షన్ గోడకి ఆ ఫొటో పెట్టాం, బ్రోచర్ మొదటి పేజీలో వేశాం. వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చుని ఆ ఫొటో వైపు చూసేవాళ్లు, మాట తీరు మారేది. మనల్ని ఎరగనివాళ్లకు ఏదో ఒక ఆధారం కావాలి. దానికి కట్టిన డబ్బుని ప్రకటన ఖర్చు అనుకోవాలి, అంతే. పేపర్లో హాఫ్ పేజీ యాడ్ ఇస్తే ఎంతవుతుందో అందరికీ తెలుసు కదా, అది మర్నాటికి పొట్లం కాగితం అయిపోతుంది.

పాతడెస్క్ (రాజమహేంద్రవరం)

నేను ఒక తెలుగు దినపత్రిక జిల్లా డెస్క్‌లో చాలా ఏళ్లు సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. ఆ కుర్చీలోంచి ఇవి ఎలా కనిపిస్తాయో చెబుతాను.

సాయంత్రం నాలుగైదు గంటలకు స్ట్రింగర్ల (ఊళ్ల నుంచి వార్తలు పంపేవాళ్ల) దగ్గర్నుంచి వార్తలు వరసగా దిగుతుంటాయి. అందులో రోజూ రెండో మూడో "ఫలానావారికి అవార్డు" ఉంటాయి. శాలువా, మెమెంటో, వరసగా నిలబడ్డ ఎనిమిది మంది. ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అన్నది ఉండదు. "విశేష సేవలకు గాను" అని మాత్రం తప్పకుండా ఉంటుంది. చోటు మిగిలితే జోన్ పేజీలో అడుగున ఫొటో, రెండు లైన్లు. మిగలకపోతే అది కూడా లేదు. జాడీ గారూ, మీ లక్షకి మా వైపు నుంచి దక్కేది ఇంతే. గౌరవ డాక్టరేట్లయితే మరీ జాగ్రత్త. యూజీసీ ఏటా నకిలీ యూనివర్సిటీల జాబితా ప్రకటిస్తుంది. డెస్క్‌లో అనుమానం వస్తే మేం మొదట చూసేది ఆ జాబితానే.

అయితే అవార్డు వార్త బ్యానర్ (పేజీలో పెద్ద వార్త) అయిన సందర్భాలూ నా చేతుల మీదుగా వెళ్లాయి. వాటిలో అవార్డు కన్నా ముందు ఒక పని కనిపించేది. మీకే ఒక ఉదాహరణ రాస్తాను. మామూలుగా వచ్చే ప్రెస్ నోట్ ఇలా ఉంటుంది:

"తెనాలికి చెందిన ప్రముఖ పచ్చళ్ల సంస్థకు ప్రతిష్ఠాత్మక అవార్డు లభించింది. ఈ సందర్భంగా సంస్థ అధినేత మాట్లాడుతూ తమ బాధ్యత మరింత పెరిగిందన్నారు."

ఇది చదివి నేను వార్త రాయలేను. ఇలా పంపితే రాస్తాను:

"మామిడికాయ సీజన్ రెండు నెలలే. మిగతా పది నెలలూ పనిలేని ఇరవై మంది ఆడవాళ్లకు ఏడాది పొడవునా పని దొరికేలా తెనాలిలో ఇద్దరు తోడికోడళ్లు పచ్చళ్ల యూనిట్ నడుపుతున్నారు. ఫలానా శాఖ వారి ఫలానా విభాగంలో ఈ ఏడాది రాష్ట్రం నుంచి ఎంపికైంది ఈ యూనిటే."

రెండో దాంట్లో అవార్డు చివరికి వచ్చింది. వార్త మాత్రం దాని వల్లే ఈ రోజు వెయ్యడానికి వీలైంది. ఎడిటర్‌కి "ఇప్పుడెందుకు వెయ్యాలి" అన్న ప్రశ్నకి జవాబు కావాలి, ఆ జవాబు అవార్డు ఇస్తుంది. మిగతాదంతా మీ పనే ఇవ్వాలి. ఫొటో విషయంలోనూ అంతే. స్టేజీ మీద ఫొటో వద్దు. జాడీల మధ్య, చేతులకు కారం అంటుకుని ఉన్న మీ ఆడవాళ్ల ఫొటో పంపండి. ఫీచర్స్ పేజీవాళ్లు కూడా అదే అడుగుతారు.

జాడీ (తెనాలి)

ఆ రెండో నోట్ చదివి మా తోడికోడలు ఇంకోసారి చదవమంది. ఇంత బాగా చెప్పినందుకు థాంక్సండి.

ఏడాది పొడవునా అని రాశారు గానీ, మాకు ఇప్పటికి వేసవిలోనే ఎక్కువ పని. గోంగూర, పండుమిరప పచ్చళ్లు ఎక్కువ చేస్తున్నది అందుకే. ఏడాదంతా పని ఇవ్వగలిగాక చెబుతాను.

బాలానగర్_ఫౌండ్రీ (హైదరాబాద్)

సైట్_బిల్డర్ అన్నా, మీ వ్యాపారంలో కొనేవాడు జీవితంలో ఒక్కసారి కొంటాడు. మాది నెల నెలా అదే కస్టమర్‌కి సరుకు పంపే వ్యాపారం. అక్కడ గోడ మీద ఫొటో పని చెయ్యదు. పంపుల కంపెనీలకి క్యాస్టింగ్‌లు, అంటే కరిగిన లోహాన్ని అచ్చుల్లో పోసి చేసే భాగాలు, పోస్తాం మేం.

మేం పోటీ పడింది ఇంధన పొదుపు అవార్డుకి. కేంద్రంలో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏటా డిసెంబర్ 14న, జాతీయ ఇంధన పొదుపు దినం నాడు ఇస్తుంది. 1991 నుంచి ఉన్న అవార్డు అది. రాష్ట్ర స్థాయిలో మనకి తెలంగాణ పునరుత్పాదక ఇంధన సంస్థ, అదే రెడ్కో వాళ్లిస్తారు, ఆంధ్రాలో కూడా రాష్ట్ర అవార్డు ఉంది. మేం రాష్ట్ర స్థాయికి పెట్టాం.

దరఖాస్తు ఫారం చూసి మొదట బెంబేలెత్తిపోయాం. కరెంటు బిల్లులు వరసగా కావాలి. నెలకి ఎంత లోహం కరిగించాం, టన్నుకి ఎన్ని యూనిట్లు పట్టింది, ఏ మార్పు చేస్తే ఎంత తగ్గింది, దానికి పెట్టిన పెట్టుబడి ఎన్నాళ్లకి తిరిగొచ్చింది... ప్రతిదానికీ కాగితం చూపించాలి. మా దగ్గర బిల్లులున్నాయి గానీ, మెల్టింగ్ లాగ్‌బుక్ అంతా సూపర్‌వైజర్ గొలుసుకట్టు రాతలో ఉంది. మా అబ్బాయి కూర్చుని అదంతా ఎక్సెల్‌లోకి ఎక్కించాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆదివారం షాపు మూసినా కంప్రెసర్ లైన్‌లో గాలి లీకవుతూ మోటారు తిరుగుతూనే ఉంది. ఫర్నేస్ మూత తెరిచి ఉంచే అలవాటు వల్ల ఎంత వేడి పోతోందో కూడా లెక్కలో తేలింది. మూత సరిచేశాం, లీకులు కట్టాం, బ్లోయర్‌కి వేగం అదుపు చేసే డ్రైవ్ బిగించాం. అవార్డు రాకపోయినా ఆ బిల్లులో మిగిలింది మాదే కదా.

అవార్డు వచ్చాక ఏమైందంటే, కోయంబత్తూరులో మా పెద్ద కస్టమర్ ఏటా వెండర్ అసెస్‌మెంట్ ఫారం పంపుతాడు. అందులో "గుర్తింపులు, అవార్డులు" అని ఒక కాలమ్ ఉంటుంది. ఎప్పుడూ ఖాళీగా వదిలేసేవాళ్లం. ఈసారి నింపాం. వాళ్ల పర్చేజ్ మేనేజర్ ఫోన్ చేసి, మెమెంటో ఊసెత్తకుండా, "ఆ దరఖాస్తు కాపీ పంపగలరా?" అన్నాడు. వాళ్లకి యూరప్ కస్టమర్లు కార్బన్ లెక్కలు అడుగుతున్నారట. మా దగ్గర ఆ లెక్కలు సిద్ధంగా ఉన్నాయి, పక్క ఫౌండ్రీల దగ్గర లేవు. మాకు కొత్త పార్ట్ నంబర్లు, అంటే కొత్త రకం భాగాల ఆర్డర్లు, వచ్చింది అలా.

తమిళనాడు ఆటో విడిభాగాల వాళ్లని చూడండి. 1998లో సుందరం క్లేటన్‌కి జపాన్ డెమింగ్ ప్రైజ్ వచ్చింది, మన దేశంలో మొదటిది. ఆ తర్వాత వరసగా ఎన్నో భారతీయ కంపెనీలు అదే దారి పట్టాయి. అది నాణ్యత పద్ధతులని ఫ్యాక్టరీ మూలమూలా పరీక్షించి ఇచ్చే బహుమతి. కార్ల కంపెనీల కొనుగోలు విభాగాల్లో దాని విలువ తెలియనివాళ్లుండరు. సుందరం ఫాస్టెనర్స్‌ని రేడియేటర్ క్యాపుల సరఫరాకి 1990ల్లో జనరల్ మోటార్స్ ఉత్తమ సప్లయర్‌గా గుర్తించింది. కస్టమరే ఇచ్చిన అవార్డు కన్నా పెద్ద సాక్ష్యం ఏముంటుంది? సరుకు సప్లై చేసేవాళ్లం మన కస్టమర్ల వెండర్ అవార్డు మీద ముందు కన్నేయాలని నా గట్టి అభిప్రాయం. మీటింగ్‌కి పిలిచినప్పుడు "ఈ ఏడాది సప్లయర్ అవార్డుకి మీరు ఏమేం చూస్తారు?" అని అడిగెయ్యండి, చెబుతారు.

సైట్_బిల్డర్ (హనుమకొండ)

మీరు చెప్పింది నిజమే అన్నా. కానీ ఆ మేడమ్‌కి ఫౌండ్రీ లెక్కలు ఎక్కడుంటాయి? పచ్చడి రుచి కదా. రుచికి ఎవరు పరీక్ష పెడతారు?

రీడింగ్_కిరాణా (ఇంగ్లండ్)

రుచికీ పరీక్ష ఉందండి. మేం ఇక్కడ మన సరుకులమ్మే కొట్టు నడుపుతున్నాం. జాడీ గారికి పనికొస్తుందని రాస్తున్నా.

ఇక్కడ గ్రేట్ టేస్ట్ అని ఒకటి ఉంది. గిల్డ్ ఆఫ్ ఫైన్ ఫుడ్ వాళ్లు 1994 నుంచి నడుపుతున్నారు. ప్యాకింగ్ తీసేసి, పేరు తెలియకుండా, న్యాయనిర్ణేతల ముందు రుచి చూపిస్తారు. ఎవరి అమ్మమ్మ చేసింది, ఏ ఊరిది, సీసా ఎంత అందంగా ఉంది అన్నవి లెక్కలోకి రావు. నచ్చితే ఒక స్టార్, రెండు, మూడు. మూడు స్టార్లు చాలా అరుదు. దీనికీ ఎంట్రీ ఫీజు ఉంది, మీ టర్నోవర్‌ని బట్టి మారుతుంది. కాబట్టి "డబ్బు తీసుకుంటే దొంగ అవార్డు" అని గీత గీసుకోవద్దు. డబ్బు కట్టాక ఓడిపోయే అవకాశం ఉందా లేదా అని చూడండి. మీకు ఫోన్ చేసినావిడ ప్యాకేజీలో ఓడిపోవడం అనేదే లేదు కదా.

ఇందులో నాకు నచ్చేది ఇంకోటి. స్టార్ వచ్చినా రాకపోయినా జడ్జీలు రాసిన వ్యాఖ్యలు మీకు పంపుతారు. నూనె పైకి తేలుతోంది, ఉప్పు మొదటే తగులుతోంది, వెల్లుల్లి మిగతా రుచిని తినేస్తోంది... ఇలాంటివి. మన ఇంట్లో ఎవరూ మన మొహం మీద చెప్పని మాటలు. ఇక్కడి నాలుకకు అమ్మాలంటే అవి చాలా విలువైనవి.

కొట్టు వైపు నుంచి చెప్పాలంటే, మా కొట్టుకి వచ్చే తెలుగువాళ్లు స్టిక్కర్ చూడరు. మూత తిప్పి వాసన చూస్తామంటారు, "ఈ ఏడు కాయేనా?" అని అడుగుతారు. కానీ పక్క వీధిలో మేలు రకం తినుబండారాలమ్మే ఇంగ్లిష్ డెలీ వాడు ఆవకాయ అనే మాట ఎప్పుడూ విని ఉండడు. వాడి షెల్ఫ్ మీదకి ఎక్కాలంటే ఆ స్టార్లు తలుపు తీస్తాయి. గెలిచాక ఆ గుర్తు సీసా మీద వేసుకోవడానికి వేరే లైసెన్సు ఫీజు ఉంటుంది, అది ముందే బడ్జెట్‌లో పెట్టుకోండి. ఇక మీరు ఇంగ్లండ్‌కి అమ్మే ఉద్దేశమే లేకపోతే దీని జోలికి రావొద్దు. తెనాలి బస్టాండ్ దగ్గర షాపువాడికి ఈ స్టార్లతో పనిలేదు.

కాఫీపిచ్చి (విశాఖపట్నం)

అవార్డుని ప్రచారంగా వాడుకోవడంలో మన ఇంటి ముందున్న పాఠం అరకు కాఫీ. 2018లో ప్యారిస్‌లో ప్రీ ఎపిక్యూర్ పోటీలో దానికి బంగారు పతకం వచ్చింది. అందరికీ గుర్తున్నది అదే. నేను చూడమనేది దాని ముందూ వెనకా.

2017లోనే వాళ్లు ప్యారిస్‌లో షాపు తెరిచారు. అంటే పతకం వార్త చదివినవాడు అదే ఊళ్లో నడుచుకుంటూ వెళ్లి కప్పు కాఫీ తాగి ప్యాకెట్ కొనుక్కోగలడు. వార్త వచ్చేనాటికి సరుకు షెల్ఫ్ మీద ఉంది. చిన్న వ్యాపారులు తలకిందులుగా చేసేది ఇక్కడే. అవార్డు వచ్చాక వెబ్‌సైట్ కట్టిస్తారు, అది తయారయ్యేసరికి జనం మర్చిపోతారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. 2023లో ఢిల్లీ జీ20లో దేశాధినేతలకిచ్చిన కానుకల్లో అరకు కాఫీ ఉంది. ఒక వార్త చల్లారక ముందే ఇంకోటి.

అంతకన్నా నాకు ఇష్టమైన సంగతి, వాళ్లు రైతుల మధ్యే పోటీ పెట్టారు. నాంది ఫౌండేషన్ నడిపిన 'జెమ్స్ ఆఫ్ అరకు'. ఆదివాసీ రైతులు తెచ్చిన కాఫీని విదేశాల నుంచి వచ్చిన నిపుణులు కప్పింగ్ చేసి, మంచివాటిని ఎంపిక చేసి బహుమతులిచ్చేవాళ్లు. టేబుల్ నిండా కప్పులు, చెంచాతో సర్రున పీల్చి, రుచి పట్టుకుని, మార్కులు వేసుకోవడం. ఆ వచ్చిన జడ్జీలంతా కాఫీ వ్యాపారంలోవాళ్లే. కొనేవాణ్ణి జడ్జీగా కొండ మీదకి రప్పించారన్నమాట! పండించే రైతుకి నాణ్యత అంటే ఏంటో తెలిసింది, కొనేవాడికి ఊరు తెలిసింది. ఇంతకు మించిన ప్రచారం నేనెక్కడా చూడలేదు.

ఇంకో మాట. విశాఖలో చాలామంది గిరిజన సహకార సంస్థ అమ్మే అరకు వ్యాలీ కాఫీ, ప్యారిస్ పతకం వచ్చిన బ్రాండు ఒకటే అనుకుంటారు. రెండూ వేరు. రెండూ ఆదివాసీ రైతుల కాఫీయే, రెండూ మంచివే. కానీ పతకం ఒక బ్రాండుది. జాడీ గారూ, మీ ప్రాంతపు పచ్చళ్లకి వచ్చిన పేరు వేరు, మీ బ్రాండుకి వచ్చిన గుర్తింపు వేరు. రెండోది మీరే సంపాదించాలి.

మగ్గం (చౌటుప్పల్)

మా వైపు కథ కూడా చెప్పాలనిపించింది. మాది నేత కుటుంబం. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. కేంద్రం సంత్ కబీర్ అవార్డు, జాతీయ చేనేత అవార్డులు ఇస్తుంది. తెలంగాణ ప్రభుత్వం కొండా లక్ష్మణ్ బాపూజీ పేరు మీద ఇస్తుంది. మా బంధువుల్లో ఒకాయన నేసిన చీరకి అవార్డు వచ్చింది. ఆ చీర నేయడానికి పట్టిన కాలమంతా ఆయన ఇంట్లో వేరే ఆదాయం లేదు. చిటికీ కట్టడం (రంగు అంటకుండా నూలుని అక్కడక్కడా కట్టడం), రంగులద్దకం, మళ్లీ విప్పి మళ్లీ కట్టడం, అంతా ఆయనా, ఆయన భార్యే.

అవార్డు వచ్చిన తర్వాత ఒక పెద్ద షాపు తన ప్రకటనల్లో "అవార్డు పొందిన మా చీరలు" అని వేసుకుంది. ఆయన పేరు ఎక్కడా లేదు. చీర రేటు షాపులో పెరిగింది, ఆయనకిచ్చే కూలి పెరగలేదు. అవార్డు ఎవరిది, దాని మీద వచ్చే లాభం ఎవరిది? ఈ ప్రశ్న గురించి వ్యాపారులెవరూ మాట్లాడరు. చేసిన చేతుల పేరు లేని ప్రచారాన్ని నేను ఒప్పుకోను.

మంచి వైపు కూడా ఉంది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసినప్పుడు ఊరంతటికీ పేరొచ్చింది. మగ్గం చూడ్డానికి వచ్చినవాళ్లు నేసినాయన దగ్గరే కూర్చుని కొనుక్కున్నారు. మధ్యలో ఎవరూ లేరు. ఊరికొచ్చిన గుర్తింపు మనిషికి చేరింది.

జాడీ అక్కా, మీ ఇరవై మంది పేర్లూ వేయండి ఎక్కడో ఒకచోట. సీసా మీద కుదరకపోతే కనీసం మీ ఫేస్‌బుక్ పేజీలో.

జాడీ (తెనాలి)

తప్పకుండా తమ్ముడూ. ఆ మాట మనసుకి తగిలింది. మా దగ్గర ముప్పై ఏళ్లుగా ఆవకాయ కలిపే పెద్దావిడ ఉంది, ఉప్పు కొలతకి గ్లాసు కూడా వాడదు. మొదటి పేరు ఆమెదే.

ఆడిటర్_నెల్లూరు

చట్టం వైపు నుంచి కొన్ని ముక్కలు. ఇవి తెలియక ఇబ్బంది పడేవాళ్లని చూస్తున్నాను.

అవార్డు లోగో సీసా మీదో, యాడ్‌లోనో వేస్తే అది ప్రకటనలో మీరు చేస్తున్న వాదన. దానికి ఆధారం మీరే చూపించాలి. అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్, అదే ఆస్కీ, 1985 నుంచి ఉన్న స్వీయ నియంత్రణ సంస్థ. ప్రకటనల్లో అవార్డులు, ర్యాంకుల వాడకం మీద ప్రత్యేక మార్గదర్శకాలిచ్చింది. ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు అన్నది కనిపించాలి. ఇచ్చిన సంస్థకి విశ్వసనీయత ఉండాలి, ఎంపిక పద్ధతి ఉండాలి. "భారతదేశపు నంబర్ వన్ పచ్చడి" అని రాస్తే ఏ సర్వే, ఏ ఏడాది అని అడుగుతారు. ఆస్కీ మాట వినకపోతే ఏంటనుకునేవాళ్లకి 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనకి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా.

సర్టిఫికెట్ మీద మూడు సింహాల ముద్ర కనిపిస్తే ప్రభుత్వానిదే అనుకోకండి. ప్రైవేటు సంస్థలు ఆ చిహ్నం వాడటాన్ని నిషేధిస్తూ 2005లో చట్టమే ఉంది. కేంద్ర ప్రభుత్వ అవార్డులకి ఇప్పుడు రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్ ఉంది, అవార్డ్స్ డాట్ గవ్ డాట్ ఇన్. ఏ శాఖ ఏ అవార్డుకి దరఖాస్తులు పిలిచింది, చివరి తేదీ ఎప్పుడు, అర్హత ఏంటి అన్నీ అక్కడ దొరుకుతాయి. కేంద్ర చిన్న పరిశ్రమల శాఖ జాతీయ ఎంఎస్ఎంఈ అవార్డులు పిలిచినప్పుడు మహిళా పారిశ్రామికవేత్తల విభాగం ఉందేమో చూసుకోండి మేడమ్. ఉద్యమ్ నంబర్ ఎలాగూ ఉందన్నారు.

నేతన్నకి ఒక మాట. మీ బంధువుల్లో ఎవరికైనా రేపు పద్మ పురస్కారం వస్తే దాన్ని పేరు ముందు బిరుదులా వేయించొద్దు. లెటర్‌హెడ్ మీదా వద్దు. 1995లో బాలాజీ రాఘవన్ కేసులో సుప్రీంకోర్టు అవి బిరుదులు కావని, పేరుకి ముందూ వెనకా తగిలించకూడదని చెప్పింది.

సైట్_బిల్డర్ (హనుమకొండ)

ఆడిటర్ గారూ, మీ లెక్కన మా బ్రోచర్‌లో ఏడాది, ఇచ్చినవాళ్ల పేరు వెయ్యాలన్నమాట. అది చేయిస్తాను. కానీ నా మాట మీద నేనే ఉన్నాను. కొత్తగా వచ్చినవాడికి మొదటి అడుగులో ఏదో ఒకటి కావాలి. ప్రభుత్వ అవార్డుకి మూడేళ్ల లెక్కలు అడుగుతారు. మొన్న మొదలుపెట్టినవాడు ఏం చెయ్యాలి?

బాలానగర్_ఫౌండ్రీ (హైదరాబాద్)

అన్నా, న్యాయమైన ప్రశ్నే. స్టార్టప్‌గా నమోదైనవాళ్లకి కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక విభాగం, అదే డీపీఐఐటీ, 2020 నుంచి జాతీయ స్టార్టప్ అవార్డులు ఇస్తోంది. కానీ మామూలు చిన్న యూనిట్‌కి మొదటి ఏడాదిలో అవార్డు కన్నా ఒక మంచి కస్టమర్ రాసిచ్చిన ఉత్తరం ఎక్కువ పని చేస్తుంది. మీరు కట్టిన మొదటి అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నవాళ్లని పిలిచి, వచ్చినవాళ్లతో మాట్లాడించండి. ఆ హీరోయిన్ ఫొటో కన్నా పక్క ఫ్లాట్‌ వాళ్ల మాట నమ్ముతారు. వాన పడితే గోడ చెమ్మ ఎక్కుతుందా లేదా చెప్పగలిగేది వాళ్లే.

పాతడెస్క్ (రాజమహేంద్రవరం)

జాడీ గారూ, ఒక్కటి అడుగుతాను. మీరు ఎవర్ని ఒప్పించాలనుకుంటున్నారు? సీసా కొనే ఇల్లాలినా, సూపర్‌మార్కెట్ వాడినా, బ్యాంకు మేనేజర్‌నా? దాన్ని బట్టే ఏ అవార్డో తేలుతుంది.

జాడీ (తెనాలి)

నిజం చెప్పాలంటే సూపర్‌మార్కెట్ అండి. హైదరాబాద్‌లో ఒక పెద్ద చైన్‌కి సరుకివ్వాలని తిరుగుతున్నాం. ఇళ్లకి కొనేవాళ్లు ఒకళ్లకొకళ్లు చెప్పుకుని వస్తూనే ఉన్నారు. ఆ పర్చేజ్ ఆఫీసులో మాత్రం మమ్మల్ని కూర్చోమని కూడా అనలేదు. అందుకే ఈ అవార్డు మీద ఆశ పుట్టింది.

రీడింగ్_కిరాణా (ఇంగ్లండ్)

అయితే వాళ్లకి హీరోయిన్ ఫొటో చూపిస్తే ఏమీ అనరు, పక్కన పెడతారు. నేనూ కొనేవాణ్ణే కాబట్టి చెబుతున్నా. నాకు కావాల్సింది ల్యాబ్ రిపోర్టు, ఎన్ని నెలలు నిలవ ఉంటుందో పరీక్ష చేయించిన కాగితం, బ్యాచ్ నంబరు, వేసవిలో ఆపకుండా ఎంత సరుకు ఇవ్వగలరు, పగిలిన సీసాలకి ఎవరు బాధ్యులు. అవి ఉన్న ఫైలు మీద జాతీయ ఎంఎస్ఎంఈ అవార్డు పేరు కూడా ఉంటే, మేనేజర్ తన పైవాడికి చూపించుకోవడానికి అదొక సాకు అవుతుంది. ఆ సాకు చిన్నదేం కాదు. పెద్ద చైన్లలో కొత్త వెండర్‌ని తెచ్చిన మనిషి రేపు సమాధానం చెప్పుకోవాలి, అతనికి ధైర్యం ఇచ్చేది అదే. లక్షా పద్దెనిమిది వేలు ల్యాబ్ పరీక్షలకి పెట్టండి మేడమ్. మీ పచ్చళ్ల రకాలన్నిటికీ సరిపోగా ఇంకా మిగలొచ్చు.

జాడీ (తెనాలి)

ఇంట్లో అందరం కూర్చుని ఇక్కడ రాసినవన్నీ చదువుకున్నాం. ముంబై ఆవిడకి వద్దని మెయిల్ పెట్టేశాం. వెంటనే "మీకోసం స్పెషల్‌గా 60 వేలకి ఇస్తాం" అని జవాబొచ్చింది! మా తోడికోడలు అది చూసి తనే ఫోన్ పక్కన పడేసింది.

ఇప్పుడు అనుకుంటున్నదేంటంటే, ముందు ఆవకాయ, గోంగూరకి నిలవ పరీక్షలు. బ్యాచ్ రిజిస్టరు ఇప్పుడు నోటు పుస్తకంలో ఉంది, దాన్ని మా అమ్మాయి కంప్యూటర్‌లో పెడతానంది. పోర్టల్‌లో ఖాతా తెరిచాం. దరఖాస్తులు పిలిచినప్పుడు పెడతాం. దానికి కావాల్సిన కాగితాలు ఏవేవి ఉంటాయో ఫౌండ్రీ అన్నయ్య ఒక్కసారి చెప్పగలరా?

బాలానగర్_ఫౌండ్రీ (హైదరాబాద్)

అవార్డుని బట్టి మారతాయమ్మా, నోటిఫికేషన్‌తో పాటు వచ్చే మార్గదర్శకాలు చదివాకే ఖాయం. కానీ ఎక్కడైనా అడిగేవి ఆడిట్ అయిన బ్యాలెన్స్ షీట్లు, జీఎస్టీ రిటర్నులు, ఎంతమందికి పని ఇచ్చారు, కొత్తగా ఏం చేశారు, నాణ్యత సర్టిఫికెట్లు. జీతాల రిజిస్టరు సరిగ్గా ఉంచండి. ఇరవై మంది ఆడవాళ్లకి పని ఇస్తున్నామని నోటితో చెప్తే మార్కులు పడవు. బ్యాంకు ద్వారా ఇచ్చిన జీతాల లెక్క చూపిస్తే పడతాయి. చివరి తేదీ దాకా ఆగొద్దు, ఆ రోజు పోర్టల్ ముందుకి కదలదు.

కొత్తసభ్యుడు (కరీంనగర్)

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది మిల్లెట్ బిస్కెట్ల యూనిట్. 2019లో ఒక అవార్డు వచ్చింది, నిజమైనదే. ఇప్పటికీ ప్యాకెట్ మీద వేసుకోవచ్చా?

ఆడిటర్_నెల్లూరు

లోగో వాడకానికి గడువేమైనా పెట్టారేమో మీకిచ్చిన ఉత్తరంలో ముందు చూడండి. గడువు లేకపోతే ఏడాదితో సహా వేసుకోండి, "2019" అని స్పష్టంగా, చదివేంత సైజులో. ఏడాది తీసేసి ఈ ఏటిదే అన్నట్టు వేస్తే చిక్కు. ఇంకోటి, అవార్డు ఏ సరుకుకి వచ్చిందో ఆ సరుకు ప్యాకెట్ మీదే వెయ్యాలి. రాగి బిస్కెట్‌కి వచ్చింది జొన్న బిస్కెట్ మీద వెయ్యకూడదు.

కొత్తసభ్యుడు (కరీంనగర్)

రాగి దానికే వచ్చిందండి. మేం మాత్రం నాలుగు రకాల మీదా వేస్తున్నాం. వచ్చే ప్రింటింగ్‌లో మార్పిస్తాను.